కొసరు రాయి

చిట్టా 1
మొదటి రోజు, ఉదయం ఎనిమిదిన్నర
తిన్నది: ఏమీ లేదు. తాగింది: గ్లాసుడు నీళ్ళు. సామాను: రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు.

అడిగినంతే రాస్తే ఇక్కడితో అయిపోయింది. కానీ పుస్తకంలో ఇంకా బోలెడు పేజీలున్నాయి, పడమటి గాలి లేచేదాకా నాకు వేరే పని లేదు, నా నోటికి ఊరుకునే అలవాటూ లేదు.

నా పేరు కొల్లాటి వరహాలమ్మ. అరవై నాలుగేళ్ళు. కొండ ఊళ్ళ సంతల్లో ముప్పై ఒక్క ఏళ్ళు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. కాటా పళ్ళెం కింద చింతపండు ముద్ద అంటించినవాళ్ళను, సొట్ట డబ్బాతో నూనె కొలిచినవాళ్ళను ఎంతమందిని పట్టుకున్నానో గుర్తు లేదు. నేను సంతలో అడుగుపెడితే సగం మంది వ్యాపారులకు ఒక్కసారిగా టీ తాగాలనిపించేది.

మా గాలిఓడ పేరు తూరుపుపిట్ట. నిన్న కొండల మీద ఎక్కించుకుని ఈ ఉదయం కొఠారుదిబ్బ మీద దించింది. ఇక్కడినుంచి తూర్పు దీవులకు రెండు రోజుల దారి. ఆ దారికి పడమటి గాలి కావాలి. అది ఇవాళ లేస్తుందో ఎల్లుండి లేస్తుందో దానికే తెలియాలి. అందాకా ముప్పై ఎనిమిది మందిమి ఈ దీవికి చుట్టాలం.

దిగేముందు ఓడ నడిపే సరంగు దేవదానం తలా ఒక చిన్న పుస్తకం, పెన్సిలు ముక్క చేతిలో పెట్టాడు. "ఏడాదిగా ఈ దీవి దాటాక ఓడ కుంగిపోతోందండి. పోయిన నెల అడుగు కెరటాలకు తగిలింది. తాగే నీళ్ళన్నీ పారబోసి పైకి లేపాను. చివరి పూట పసిపిల్లలకు కూడా గుక్కెడు లేవు. వాయువు ఎక్కడా కారడం లేదు. మీరు ఈ మజిలీలో ఏం తింటున్నారో, ఏం తాగుతున్నారో, ఏం మోసుకొస్తున్నారో పూటపూటా రాయండి. ఈసారి కూడా కారణం తేలకపోతే ఇక ఇక్కడ ఆగేది లేదు," అన్నాడు.

కోపం లేదు ఆ గొంతులో. అలసట ఉంది. ఈ మజిలీ కోసమే నేను ఈ వయసులో ఈ ఓడ ఎక్కాను. నేను పుట్టింది ఇక్కడే.

చిట్టా 2
మొదటి రోజు, మధ్యాహ్నం రెండు
తిన్నది: అన్నం మూడుసార్లు, ఉప్పునేలల్లో మొలిచే ఇలకూరతో పప్పు రెండుసార్లు, ఎండురొయ్యల పులుసు వద్దన్నా రెండుసార్లు, పెరుగు ఎన్నిసార్లో లెక్క తప్పింది. తాగింది: చెంబుడు మజ్జిగ.

ఇక్కడ హోటళ్ళు లేవు. మజిలీవాళ్ళను ఇంటికొకరిని పంచుకుంటారు. నన్ను ఆదెమ్మ అనే మనిషి పట్టుకుపోయింది. నలభై ఏళ్ళుంటాయి. సంచీ నా చేతిలోంచి లాక్కుని, "రండి పిన్నిగారూ, ఎండెక్కకముందే ఇంటికెల్లిపోదాం," అని ముందు నడిచింది. అంతే, నేను పిన్నినైపోయాను. ఆమె మొగుడు మరిడయ్య గాలిఓడ రేవులో సామాను తూచే మనిషి. ఆ వరసన అతనికి అత్తగారినైపోయాను. వచ్చిన గంటలో కూతురు, అల్లుడు. పెళ్ళి చేసుకోని దానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఓడ కడుపులోని వాయువుకు నిప్పంటే గిట్టదు కాబట్టి దీవి మొత్తం మీద ఒక్క అగ్గిపుల్ల లేదు. ఇంటిమీద అద్దాల పెట్టెలో ఎండకే అన్నం ఉడుకుతుంది. అన్నం బాగానే ఉంది కానీ, దాంట్లో ఏదో తక్కువైంది. చాలాసేపటికి తట్టింది, పొగ వాసన. మా అమ్మ కొబ్బరిపీచు రాజేసి పొయ్యి వెలిగిస్తే ఇంటిల్లిపాదికీ కళ్ళు మండేవి, ఆకలి కూడా అప్పుడే మొదలయ్యేది. ఆ సంగతి చెబితే ఆదెమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"పొగంటే ఎలా ఉంటదండి పిన్నిగారూ? నేనెప్పుడూ సూళ్ళేదు."

చెబుదామని నోరు తెరిచాను. మాట రాలేదు. పొగ ఎలా ఉంటుందో ఎవరికైనా చెప్పాల్సొస్తుందని నా జన్మలో అనుకోలేదు.

నేను దిగులుపడ్డానని కాబోలు, ఇంకో గరిటె పులుసు పోసింది. ఓడ ఎందుకు కుంగుతోందో నాకు సగం అర్థమైనట్టే ఉంది. ముప్పై ఎనిమిది ఇళ్ళలో ముప్పై ఎనిమిది మంది ఆదెమ్మలు ఉంటే ఏ ఓడ లేస్తుంది?

చిట్టా 3
మొదటి రోజు, సాయంత్రం ఐదు
తిన్నది: కొబ్బరిముక్క. తాగింది: ఏమీ లేదు.

రేవులో ఒక బోర్డు ఉంది: "మజిలీలో చూడదగ్గవి." ఒకటి, నీళ్ళలోంచి సగం లేచిన పాత మంచినీళ్ళ ట్యాంకు, దాని మీద కొంగలు. రెండు, పోటు తగ్గినప్పుడు పడవలోంచి కనిపించే బస్టాండు కప్పు. మూడు, ఉప్పుమడుల గట్టు. తోటి ప్రయాణికులు పడవెక్కి బస్టాండు చూసి కేరింతలు కొట్టారు. నేనూ చూశాను. ఆ కప్పు కిందే మా నాన్న నాకు మొదటిసారి సోడా కొట్టించాడు. మోటారుసైకిళ్ళ పెట్రోలు వాసన, నలుగురి ఫోన్లూ ఒకేసారి మోగితే నాలుగు పాటలు కలిసి వచ్చే గోల, కండక్టరు ఈల. అదంతా చేపలకు వదిలేశాం. పక్కనున్న పిల్ల "బస్సు ఎంత పొడుగుండేది మామ్మగారూ?" అని అడిగితే, "మీ ఓడకన్నా చిన్నదే కానీ జనం ఎక్కువ పట్టేవారు," అన్నాను. అబద్ధం కాదు.

తర్వాత ఒక్కదాన్నే గట్టుమీదికి వెళ్ళాను. నేను వచ్చింది దానికోసమే.

మా అమ్మ పల్లాలమ్మకు ఒక సన్నికల్లు, దాని మీద నూరే పొత్రం ఉండేవి. మిక్సీ ఉన్నా పచ్చడికి మాత్రం ఆ రాయే. సముద్రం పైకొచ్చిన రోజున, మమ్మల్ని ఎక్కించుకోవడానికి పడవ ఈ గట్టుకే వచ్చింది. మా అక్క నూకాలు ఒళ్ళో సన్నికల్లు పెట్టుకుంది. దానికి పదిహేనేళ్ళు, బలంగా ఉండేది. నాకు ఎనిమిదేళ్ళు, నా ఒళ్ళో పొత్రం. పడవ అంచుదాకా నీళ్ళొచ్చాయి. పడవవాడు అందరినీ చూసి, చివరికి నన్ను చూసి, "ఆ రాయి దింపు పాపా," అన్నాడు. దింపాను. గట్టుమీద ఉప్పు గోతం కప్పి పెట్టాను. "రేపొచ్చి తీసుకుందాంలే," అంది అమ్మ. మిక్సీ మాత్రం పడవలోనే ఉంది. కొండమీద ఆర్నెల్లు కరెంటే లేదు.

ఆ రేపు యాభై ఆరేళ్ళయినా రాలేదు. అమ్మ పోయేదాకా ఏటిరాయితోనే పచ్చడి నూరింది, నూరినప్పుడల్లా "రాయికి దాని రాయే ఉండాలే" అనేది. నన్ను ఏనాడూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు నిజంగా ఆ మూడు కిలోలే ఎక్కువయ్యాయా అన్నది తేల్చుకోవడానికే నేను తూనికల శాఖలో చేరానని నాకొక అనుమానం.

సన్నికల్లు ఇప్పుడు తూర్పు దీవుల్లో అక్క దగ్గరుంది. మేమిద్దరం చూసుకుని ఇరవై రెండేళ్ళయింది. పోయిన నెల కబురు పంపింది: "ఓడ మన దిబ్బ మీద ఆగుతుందట గదే. ఆ పొత్రం కనబడితే పట్రా. కనబడకపోతే నువ్వొక్కదానివే రా, నేనేం అననులే." అక్క అననులే అందంటే అంటుందని అర్థం.

గట్టు లేదు. సగానికి సగం తెగిపోయింది. నిరుడు తుపానుకు కొట్టుకుపోయిందట. నేను రాయి పెట్టిన చోట ఇప్పుడు నీళ్ళున్నాయి. చాలాసేపు కూర్చుని ఏడ్చాను. చిట్టాలో ఏడుపుకు గడి లేదు కానీ బరువు తగ్గే ఉంటుంది.

చిట్టా 4
రెండో రోజు, ఉదయం తొమ్మిది
తిన్నది: చద్దన్నం, మాగాయ. రెండోసారి కూడా. తాగింది: ఎన్ని గ్లాసులో ఆదెమ్మకే తెలియాలి.

గాలి లేవకముందే అందరి సామానూ ఒకసారి తూచి చూస్తారు. మనిషికి మూడు కిలోలు. ఉప్పుగాలికి కరెంటు కాటాలు నిలవవు కాబట్టి స్తంభానికి పెద్ద కాటా వేలాడదీశారు. ఒక పళ్ళెంలో సంచీ, ఒక పళ్ళెంలో రాయి. వరసలో నా ముందున్నాయనకు సంచీ కాస్త కిందికి మొగ్గింది. మరిడయ్య ముల్లు సర్దుకునేదాకా ఓపిగ్గా ఆగి, నవ్వుతూ, "సరిపోయిందండి, ఎల్లండి," అన్నాడు. ఎంత మర్యాదస్తుడు అనుకున్నాను. నా వంతు వచ్చింది. పళ్ళెంలో రాయిని చూశాను.

నల్లటి రాయి, రెండు చేతులా పట్టుకునేంత పొడవు, నడుం మధ్య అరిగి నున్నగా ఉంది. ఒక కొసన నెలవంకలా పెచ్చు లేచిపోయింది. ఆ పెచ్చు ఊడగొట్టింది నేనే. ఏడేళ్ళప్పుడు దాంతో తాటిటెంక పగలగొట్టబోయి, అమ్మచేత వీపు మోగించుకున్నాను. వేలు పెట్టి చూశాను. వేలు ఆ సొట్టలో కూర్చుంది.

"ఇది ఎక్కడిది?" అన్నాను.

"మా మూడు కిలోల రాయండి అత్తగారూ. నిరుడు తుపానుకి ఇనప రాళ్ళన్నీ కొట్టుకుపోయినియ్యి. గట్టు తెగినచోట ఇది బైటపడింది. దేవుడిచ్చాడనుకుని వాడుకుంటన్నాను."

వెనక వరసలో జనం సణుగుతున్నారు. సంచీ తీసుకుని వచ్చేశాను. అమ్మ రాయి బతికే ఉంది! దానికి ఉద్యోగం కూడా దొరికింది, మా శాఖలోనే.

చిట్టా 5
రెండో రోజు, మధ్యాహ్నం ఒంటిగంట
తిన్నది, తాగింది: తర్వాత రాస్తాను.

సంతోషంలో ఒక ముల్లు గుచ్చుకుంది. మా పొత్రం మూడు కిలోలని ఎవరు చెప్పారు?

మరిడయ్య ఓడ తాళ్ళు చూసుకోవడానికి వెళ్ళినప్పుడు కాటా దగ్గరికి వెళ్ళాను. రిటైరైన రోజు మా శాఖవాళ్ళు ఇచ్చిన లీటరు కొలగిన్నె నా సంచీలో ఉంది, ముద్రతో సహా. లీటరు వాననీళ్ళు ఒక కిలో, అది ఏ తుపానుకూ మారదు. పల్చటి తొట్టెలు రెండు తెచ్చి రెండు పళ్ళేల్లో పెట్టి ముందు ముల్లు సరిచూశాను. ఒకవైపు పొత్రం, ఒకవైపు మూడు లీటర్లు. పొత్రమే కిందికి దిగింది. మందుసీసా మూతతో పదేసి గ్రాముల చొప్పున నీళ్ళు పోసుకుంటూ వెళ్ళాను. ఇరవై ఆరు మూతలకు ముల్లు నిటారుగా నిలబడింది.

రాయి మూడు కిలోల రెండు వందల అరవై.

అంటే మనిషికి రెండు వందల అరవై గ్రాములు దొంగతనంగా ఓడెక్కుతోంది. ముప్పై ఎనిమిది మందికి దాదాపు పది కిలోలు. ఓడను కుంగదీస్తున్నది ఆదెమ్మ పులుసు కాదు, మా అమ్మ పొత్రం.

మిగతా లెక్క నా మెదడు నేను అడక్కుండానే చేసేసింది. చెప్పకపోతే ఈ రాయి కాటాలోనే ఉండిపోతుంది, ఓడ ఇక ఇక్కడ ఆగదు, అక్కకు పొత్రం చేరదు. చెబితే రాయి నా చేతికొస్తుంది. కానీ అప్పుడు అసలు మూడు కిలోల లెక్క అమలవుతుంది, సంచీ మొత్తం వదిలేసి ఒక్క రాయే పట్టుకున్నా రెండు వందల అరవై ఎక్కువ. యాభై ఆరేళ్ళ తర్వాత కూడా అదే గట్టు, అదే రాయి, అదే ఎక్కువ.

చిట్టా 6
రెండో రోజు, సాయంత్రం ఐదున్నర
తిన్నది: అన్నం, చేప. ఒక్కసారే.

మరిడయ్య తాళ్ళ పని ముగించి వచ్చాక కాటా దగ్గరే కూర్చోబెట్టి అడిగాను. ఎన్నో వందల మందిని అడిగిన ప్రశ్నే: "ఈ రాయి ఎక్కువుందని నీకు తెలుసా?"

దొంగలు ఈ ప్రశ్నకు ముందు ఆకాశం చూస్తారు. ఇతను నన్నే చూశాడు.

"తెల్సండి. ఇరవయ్యేళ్ళు తూచినోణ్ణి, చేత్తో ఎత్తితే తెలీదేటండి? రెండొందలో మూడొందలో ఎక్కువుంటదనుకున్నాను. మా మావయ్యగారు రొయ్యలు తూచేవోరండి. తూచినాక ఓ గుప్పెడు పైన ఎయ్యకపోతే ఆయన చెయ్యి ఆగేది కాదు. కొసరెయ్యనోడు మనిషి కాదురా అనేవోరు. మరి నేను తూచేది సంచీలు. సంచీకి కొసరెలా ఎయ్యనండి? అందుకని ఈ రాయి దొరికితే బాగుందనిపించింది. మజిలీకొచ్చినోళ్ళు, మన చుట్టాలు. ఓ పచ్చడి సీసా ఎక్కువ పట్టుకెల్తే ఏం పోయిందిలే అనుకున్నాను."

"ఒక్కొక్కళ్ళకు ఏమీ పోలేదు. ముప్పై ఎనిమిది మందికి పది కిలోలు, మరిడయ్యా. పోయిన నెల సరంగు పారబోసింది ఆ పది కిలోల నీళ్ళే. పసిపిల్లలు నోరెండి దిగారు."

కుంగడానికి, కొసరుకు లంకె ఉంటుందని ఆ మనిషికి నిజంగా తట్టలేదు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నా ఉద్యోగంలో చాలామంది ఏడ్చారు. ఎవరి ఏడుపూ నమ్మలేదు. ఇది నమ్మాను.

"సరంగుగారికి చెప్తారేటండి అత్తగారూ?"

"చెప్పకపోతే వచ్చే నెల నుంచి మీకు ఓడే రాదు."

"చెప్తే నా మొకం ఎవరికి చూపించనండి? మరిడయ్య దొంగ తూకం తూచాడంటారు."

అప్పుడే, సమయం కాని సమయంలో, ఆ రాయి ఎవరిదో, నాకెందుకు కావాలో కూడా చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సింది. రాయి కోసమే అతని పరువు తీస్తున్నాననుకున్నాడేమో, లేచి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి ఆదెమ్మకు అంతా తెలిసిపోయింది. చేప ముక్క పెద్దదే వేసింది, ముల్లు తీసి మరీ వేసింది. "పొత్రం కావాలంటే రొంటిన దోపుకుని ఎక్కెయ్యండి పిన్నిగారూ, కట్టుకున్నయ్యి ఎవరూ తూచరు. ఆయన్ని మాత్రం ఒగ్గెయ్యండి," అంది. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం రొంటి తడుముకున్నాను.

విస్తరి ఖాళీ అయింది. ఆదెమ్మ గరిటె పట్టుకుని అక్కడే కూర్చుంది. రెండోసారి వడ్డించలేదు.

చిట్టా 7
మూడో రోజు, ఉదయం తొమ్మిది
తిన్నది: ఏమీ లేదు. అడిగారు, నేనే వద్దన్నాను.

తెల్లారి ఏడుకల్లా పడమటి గాలి లేచింది. నేను సరంగు దగ్గరికి బయల్దేరితే, వెనకనుంచి అడుగులు వినిపించాయి. మరిడయ్య. భుజాన పొత్రం.

"మీరు చెప్పడం కాదండి, నేనే చెప్తాను. మీరు పక్కన నిలబడండి, చాలు," అన్నాడు.

సరంగు దేవదానం మొత్తం విన్నాడు. కాటా దగ్గరికొచ్చి, నా చేత నీళ్ళు పోయించుకుని, ఇరవై ఆరు మూతలూ తనే లెక్కపెట్టాడు. తర్వాత నేలమీద కూలబడి నవ్వాడు. "ఏడాదిగా ఓడకు చిల్లు వెతుకుతున్నానయ్యా మరిడయ్యా. వాయువు మార్చాను, గుడ్డ మార్చాను, ఇద్దరు కుట్టుపనివాళ్ళతో పోట్లాడాను. చిల్లు నీ మర్యాదలో ఉందా?" కోప్పడతాడేమోనని చూశాను. నీళ్ళు పారబోసిన ఆ పూట గుర్తొచ్చిందేమో, కళ్ళు తుడుచుకున్నాడు. "సరే. ఓడ ఇక్కడే ఆగుతుంది. ఈ రాయి మాత్రం ఇక కాటాలో ఉండకూడదు."

నా లీటరు కొలగిన్నె మరిడయ్యకు ఇచ్చేశాను. మూడు గిన్నెల వాననీళ్ళు, ఇక వాళ్ళ మూడు కిలోల రాయి అదే.

అందరి సామానూ మళ్ళీ తూచారు. పచ్చడి సీసాలు, గవ్వల మూటలు, ఎండుచేపలు బయటికొచ్చాయి. ఎవరివల్ల ఇదంతా అంటే నావల్ల. ఒకావిడ నా ముందే, "ఇన్‌స్పెక్టర్లు రిటైరైనా బుద్ధి రిటైరవదు," అంది. కాదనలేకపోయాను.

నా సంచీలోవన్నీ ఆదెమ్మ గుమ్మంలో పెట్టాను. కాఫీ గింజలు, కొండ పసుపు, అక్క కోసం కొన్న శాలువ. ఖాళీ సంచీ కూడా. పొత్రం ఒక్కటే తెచ్చి కాటాలో పెట్టాను. ముల్లు సంగతి నాకు ముందే తెలుసు. ఎందుకు పెట్టానంటే, పెట్టకుండా ఉండలేక. సరంగు తల అడ్డంగా ఊపాడు. "రెండు వందల అరవై ఎక్కువుందమ్మా. ఇవాళే లెక్క సరిచేసుకున్నాం. ఇవాళే తప్పమంటారా?"

"వద్దు," అన్నాను.

రాయి ఎత్తి నేలమీద పెట్టబోయాను. ఎనిమిదేళ్ళప్పుడు ఎలా దింపానో సరిగ్గా అలాగే, మోకాళ్ళు ముందు వంచి. ఇన్‌స్పెక్టరు వరహాలమ్మ అందరిముందూ భోరుమంది.

చిట్టా 8
మూడో రోజు, ఉదయం తొమ్మిదిన్నర

పై చిట్టా హడావిడిలో సగంలో ఆపాను, మిగతాది కాటా పక్కనే కూర్చుని రాస్తున్నాను. త్వరగా రాయాలి.

నేను రాయి దింపుతుంటే మరిడయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగండత్తగారూ," అని స్తంభం ఎక్కే మెట్టుమీద నిలబడ్డాడు. సిగ్గుతో నిన్నటినుంచీ తలెత్తని మనిషి, ముప్పై ఏడు మందీ వినేట్టు అరిచాడు.

"ఏవండోయ్! ఏడాది నుంచీ మీకందరికీ కొసరేశాను. నాది కానిది, సరంగుగారి గాల్లోంచి తీసి ఏశాను. తప్పేనండి. కొసరంటే మన గంపలోంచి ఎయ్యాలి. ఇప్పుడు మీ గంపల్లోంచి ఈ పెద్దావిడకి తలా ఏడు గ్రాములు ఎయ్యండి. ఈ రాయి వాళ్ళమ్మదండి. చిన్నప్పుడు ఈ గట్టుమీదే పడవోడు దింపించేశాడు. నేను దాన్ని ఏడాది వాడుకున్నాను. నాకోసం ఏడు గ్రాములు, అంతేనండి!"

ఇన్‌స్పెక్టర్ల బుద్ధి గురించి మాట్లాడిన ఆవిడే ముందుకొచ్చి, జాకెట్టు సంచిలోంచి వక్కలు రెండు తీసి పళ్ళెంలో పెట్టింది. "పది గ్రాములుంటాయి, మూడు కొసరు," అంది. ఇక వరస కట్టారు. ఒకాయన కళ్ళజోడు పెట్టె వదిలేశాడు. ఒక కుర్రవాడు పుస్తకం అట్ట చించి ఇచ్చాడు. మొన్న బస్సు పొడవు అడిగిన పిల్ల వేరుశనగ ఉండ ఒకటి గబగబా నోట్లో వేసుకుని, "ఇంత తగ్గించేశాను మామ్మగారూ," అంది. కడుపులోకి వెళ్ళినా ఓడలోకే వెళ్తుందని చెబితే నాలుక కరుచుకుని, రెండో ఉండ పళ్ళెంలో పెట్టింది. ఒక పెద్దమనిషి మీసం గీయించుకుంటానన్నాడు. గ్రాము కూడా రాదని ఆపాం. సరంగు తన టోపీకున్న ఇత్తడి బిళ్ళ ఊడదీశాడు.

ఇచ్చినవన్నీ మరిడయ్య తూచాడు. ముల్లు నిలబడేదాకా ఆగాడు. ఈసారి నవ్వలేదు, గాలి పీల్చలేదు కూడా. రెండు వందల ఇరవై రెండు. ఇంకా ముప్పై ఎనిమిది కావాలి. అందరూ జేబులు తడుముకుంటున్నారు, పాపం ఇవ్వడానికి ఇంకేమీ లేవు. నా దగ్గరా లేవు, కట్టుకున్న చీర, ఈ పుస్తకం తప్ప.

ఈ పుస్తకం.

పెన్సిలు ముక్కతో సహా తూచమన్నాను. నలభై గ్రాములు. ఓడవాళ్ళు ఇచ్చింది, ఓడ బరువులో లెక్క. "అది దిగేటప్పుడు నాకు అప్పజెప్పాలి కదండీ?" అన్నాడు సరంగు. "దీంట్లో ఉన్న సంగతి మీకు ముందే చెప్పేశాను కదా," అన్నాను. సరే, రాసుకోవడం ముగించి ఇక్కడే వదిలెయ్యమన్నాడు. ఆదెమ్మకు ఇచ్చి వెళ్తున్నాను. కోపం పోయాక చదువుకుంటుంది.

కోపం పోయిందనుకుంటాను. ఇందాకే గిన్నె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది, ఖాళీ కడుపుతో ఓడెక్కితే ఊరుకోనంది.

ఆదెమ్మా, పొగ ఎలా ఉంటుందని అడిగావు. దూరంనుంచి చూస్తే ఆ ఇంట్లో మనుషులున్నారని తెలుస్తుంది. అలా ఉంటుంది.

అక్కా, పొత్రం తెస్తున్నాను. పెచ్చు ఊడిన సంగతి అమ్మకు చెప్పింది నువ్వేనని నాకు తెలుసు. వచ్చాక మాట్లాడుకుందాం.

పొత్రం నా ఒళ్ళో ఉంది. మరిడయ్య తాడు పట్టుకుని, "ఎక్కండత్తగారూ," అంటున్నాడు.

తిన్నది: చద్దన్నం. రెండోసారి వడ్డించింది, మూడోసారి కూడా.
తాగింది: మజ్జిగ.
సామాను: అందరూ వదిలేసినవి పోను మూడు కిలోలకు రెండు గ్రాములు తక్కువ. ఆ రెండూ సరంగుకు కొసరు.